కొనడం తగ్గించాలంటే ముందు ఇరుగుపొరుగుని కలపండి

వాతావరణ మార్పు గురించి ఏదో చదివి భయపడి, ఇక మీద అనవసరంగా ఒక్క వస్తువూ కొనకూడదని గట్టిగా అనుకుని, నెల తిరిగేసరికి మళ్ళీ ఫోన్‌లో ఆఫర్లు చూస్తూ కూర్చోవడం చాలామందికి జరిగేదే. మీకూ అలా జరిగి ఉంటే మీలో పట్టుదల లేదని అనుకోకండి. గోడకి రెండు రంధ్రాలు వేయాలంటే డ్రిల్లింగ్ మిషన్ కావాలి, అడుగుదామంటే పక్కింట్లో ఎవరుంటారో తెలియదు, అందుకని కొనేస్తాం. ఫ్యాన్ తిరగడం లేదు, బాగు చేసేవాళ్ళు ఎవరో తెలియదు, అందుకని కొత్తది తెచ్చేస్తాం. ఇలాంటి కొనుగోళ్ళు ఆశ వల్ల జరిగేవి కావు, అడిగే మనిషి లేకపోవడం వల్ల జరిగేవి. కాబట్టి ఈ పని ఒంటరిగా మొదలుపెట్టకండి, నలుగురితో కలిసి మొదలుపెట్టండి. ఎలాగో వరసగా చెప్తాను.

దానికి ముందు, ఇంత శ్రమ ఎందుకో రెండు ముక్కల్లో. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకి కార్బన్ డయాక్సైడ్ 280 భాగాల దగ్గర ఉండేది, ఇప్పుడది 420 దాటింది. భూమి సగటు వేడిని 1.5 డిగ్రీల పెరుగుదల దగ్గర ఆపడానికి ప్రయత్నిద్దామని 2015లో పారిస్‌లో దేశాలు ఒప్పుకున్నాయి, 2024 ఒక్క ఏడాదికి చూస్తే ఆ గీత దాటేశాం అని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది (ఒప్పందంలోని హద్దుని చాలా ఏళ్ళ సగటుతో కొలుస్తారు కాబట్టి అది పూర్తిగా చేయిజారిందని అర్థం కాదు, కానీ దగ్గరపడింది). పొగ అనగానే మనకి వాహనాలూ విద్యుత్ కేంద్రాలూ గుర్తొస్తాయి గానీ ఉక్కు, ప్లాస్టిక్, బట్ట, చిప్ ఇవన్నీ తయారయ్యేటప్పుడు కూడా ఆ పొగే వస్తుంది. ఒక స్మార్ట్‌ఫోన్ జీవితకాలం మొత్తం మీద వెలువడే కాలుష్యంలో చాలా పెద్ద భాగం అది మీ చేతికి రాకముందే అయిపోతుంది. మీరు దాన్ని ఎంత పొదుపుగా ఛార్జ్ చేసినా మారేది కొంచెమే. ఇంకో రెండేళ్ళు ఎక్కువ వాడితే మాత్రం చాలా మారుతుంది.

1. ముందు మీ ఇంటి లెక్క తీయండి

గత మూడు నెలల్లో ఇంటికి వచ్చిన వస్తువులన్నీ ఒక కాగితం మీద రాయండి. తిండి, మందులు వదిలేయండి. ఆన్‌లైన్ ఆర్డర్లు, బ్యాంకు మెసేజ్‌లు చూస్తే అరగంటలో అయిపోతుంది. ప్రతి దాని పక్కన ఒక గుర్తు పెట్టండి: రోజూ వాడుతున్నది, అప్పుడప్పుడు వాడేది, తెచ్చాక ముట్టుకోనిది.

అందరి చూపూ మూడో రకం మీదకే పోతుంది, తెగ బాధపడిపోతారు. నన్నడిగితే రెండో రకమే అసలైనది. ఏడాదికి నాలుగు సార్లు వాడే నిచ్చెన, ప్రయాణాలప్పుడు మాత్రమే దింపే పెద్ద సూట్‌కేసు, గుడారం, ప్రొజెక్టర్, కొలత టేపు, పిల్లలకి ఆరు నెలలు మాత్రమే పట్టే ఊయల లాంటివి అన్నమాట. ఇవి అవసరమే, కానీ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండక్కర్లేదు. ఈ రెండో జాబితాని విడిగా ఒక కాగితం మీద రాసి దాచండి, మూడో అడుగులో పనికొస్తుంది.

మూడో రకానికి మందు వేరే ఉంది. షాపింగ్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి, దాచి ఉంచిన కార్డు వివరాలు తీసేయండి, ఏదైనా కొనాలనిపిస్తే ఒక కాగితం మీద తేదీతో సహా రాసి నెల ఆగండి. నెల తర్వాత కూడా కావాలనిపిస్తే కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. ఆ యాప్‌లు తయారైందే మీరు ఆగి ఆలోచించకుండా ఉండటానికి. మనచేత ఎక్కువ కొనిపించాలని చూడటం ఈ కాలపు జబ్బు మాత్రమే కాదు. 1924లో బల్బులు తయారుచేసే పెద్ద కంపెనీలు కలిసి ఫీబస్ అనే కూటమి కట్టి, అప్పటికే పదిహేను వందల గంటలు, రెండు వేల గంటలు వెలుగుతున్న బల్బుల ఆయుష్షుని వెయ్యి గంటలకి తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి, అంతకంటే ఎక్కువ వెలిగే బల్బు తయారుచేసిన కంపెనీకి జరిమానా కూడా వేశాయి. వస్తువు త్వరగా పాడవడం వెనక ఒక్కోసారి ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంటుంది, దాన్ని మార్చనూ వచ్చు. చివర్లో ఆ సంగతికి వస్తాను.

2. మనుషుల్ని పోగేయండి, ఉపన్యాసం లేకుండా

ఐదు నుంచి ఎనిమిది ఇళ్ళు చాలు. మొదటి రోజే వీధి మొత్తాన్నీ, అపార్ట్‌మెంట్ మొత్తాన్నీ పిలిస్తే యాభై మంది ఉన్న వాట్సాప్ గ్రూప్ ఒకటి తయారవుతుంది, అందులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు తప్ప ఏమీ జరగవు. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నవాళ్ళే అయితే మంచిది, ఎందుకంటే వస్తువు తెచ్చుకోవడానికి బండి తీయాల్సి వస్తే ఎవరూ తెచ్చుకోరు.

మొదటి మాటే "భూమి వేడెక్కుతోంది" అని మొదలుపెట్టకండి. నిజమే, వేడెక్కుతోంది, కానీ ఆ మాట వినగానే కొంతమంది బిగుసుకుపోతారు, కొంతమందికి టెన్షన్, ఇంకొంతమంది వాదనకి దిగుతారు. ఒక వస్తువు అడగండి. "మీ దగ్గర నిచ్చెన ఉందా అండీ, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అనండి. సాయం అడగడం మొహమాటంగా ఉంటుంది గానీ, మనల్ని సాయం అడిగినవాళ్ళ మీద మనకి ఒక రకమైన చనువు ఏర్పడుతుంది. రేపు వాళ్ళూ మిమ్మల్ని అడగగలుగుతారు. ఇలా ముగ్గురు నలుగురితో ఇచ్చిపుచ్చుకోవడం జరిగాక అప్పుడు కూర్చుని మాట్లాడుకుందామని పిలవండి. అద్దెకుండేవాళ్ళనీ, వయసు మళ్ళినవాళ్ళనీ, కొత్తగా వచ్చినవాళ్ళనీ వదిలేయకండి. సొంత ఇల్లున్నవాళ్ళతో మాత్రమే కట్టిన గుంపు కొన్నాళ్ళకి తమ గేటు దాటి చూడదు. పైగా విపరీతమైన ఎండలో, వరదలో, కరెంటు పోయిన రాత్రి ఎవరి తలుపు ముందు తట్టాలో తెలిసి ఉండటం ప్రాణాలు నిలిపే విషయం.

3. అరువు అల్మారా పెట్టండి

ఈ పనిలో ఎక్కువ లాభం ఇక్కడే ఉంది, ఎక్కువ గొడవలూ ఇక్కడే వస్తాయి. అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

అమెరికాలోని బర్క్‌లీ ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచి పుస్తకాలతో పాటు పనిముట్లు కూడా అరువు ఇస్తోంది. అంత పెద్దది మీకు అక్కర్లేదు. ప్రతి ఇంటివాళ్ళూ తమ రెండో జాబితా తెచ్చి ఒకచోట చేర్చండి. ఏయే వస్తువులు రెండు మూడు ఇళ్ళలో ఉన్నాయో అప్పుడు కనిపిస్తుంది. వాటిలో బాగున్న ఒకదాన్ని ఉమ్మడిగా ఉంచి, మిగిలినవి వాటి అవసరం ఉన్న వేరే వాళ్ళకి ఇచ్చేయవచ్చు. అల్మారా అంటే నిజంగా అల్మారానే ఉండాలని లేదు, మెట్ల కింద ఒక మూల, ఒకరి ఇంట్లో తాళం ఉన్న గది, లేదా ఎవరి వస్తువు వాళ్ళ ఇంట్లోనే ఉంచి పట్టిక మాత్రం అందరి దగ్గరా ఉండటం, ఏదైనా సరే. మొదట్లో చివరి పద్ధతి తేలిక.

అరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఊరికే పుట్టలేదు. తెచ్చుకున్న వస్తువు చేతిలో పాడైతే ఏం చేయాలన్న భయమే జనాన్ని అరువుకి దూరంగా ఉంచుతుంది. ఆ భయం పోవాలంటే నియమాలు ముందే రాసుకోవాలి. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్ళు, స్పెయిన్ సాగునీటి కాలువలు, జపాన్ ఊరుమ్మడి అడవులు వందల ఏళ్ళుగా ఎలా నిలిచాయో పరిశీలించి, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే. ఉమ్మడి ఆస్తి అంటే ఎవరికీ పట్టనిదై నాశనమవుతుందని చాలామంది పండితులు వాదిస్తున్న రోజుల్లో, వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుంటే అది నిలుస్తుందని ఆవిడ చూపించారు. ఆవిడ గమనించిన వాటిలో మీ అల్మారాకి పనికొచ్చేవి ఇవి.

ఎవరు సభ్యులో స్పష్టంగా ఉండాలి. "అందరూ వాడుకోవచ్చు" అంటే చూసుకునేవాళ్ళు ఉండరు. నియమాలు వాడేవాళ్ళే రాసుకోవాలి, ఇంటర్నెట్‌లోంచి దించినవి పనిచేయవు. ఏ వస్తువు ఎవరి దగ్గరుందో అందరికీ కనిపించాలి, ఒక నోటు పుస్తకం చాలు: పేరు, వస్తువు, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, తెచ్చినప్పుడు ఎలా ఉంది. తప్పు జరిగితే శిక్ష మెల్లగా పెరగాలి. మొదటిసారి ఆలస్యమైతే ఒక మాట, రెండోసారి గ్రూప్‌లో గుర్తు చేయడం, పదేపదే అయితే కొన్నాళ్ళు అరువు ఆపడం. మొదటి తప్పుకే మనిషిని వెలివేస్తే మిగిలినవాళ్ళు కూడా భయపడి వాడటం మానేస్తారు. తగాదా వస్తే వెంటనే తీర్చే ఇద్దరు మనుషులు ఉండాలి, వాళ్ళని ముందే అనుకోండి.

పాడైతే ఎవరు పెట్టుకోవాలి? నా ఉద్దేశంలో మామూలు అరుగుదలకి ఉమ్మడి డబ్బు, అజాగ్రత్తకి వాడినవాళ్ళ డబ్బు. ఏది అజాగ్రత్త అన్నది ఆ ఇద్దరూ తేలుస్తారు. దానికోసం ప్రతి ఇంటి నుంచీ నెలకి ఎవరికీ భారం కానంత చిన్న మొత్తం పోగేయండి. తల మీద పెట్టుకునే హెల్మెట్‌లు, పసిపిల్లల కారు సీట్లు మాత్రం అరువుకి పెట్టకండి. ఒకసారి దెబ్బ తగిలినవి పైకి బాగానే కనిపించినా కాపాడకపోవచ్చు.

4. నెలకోసారి మరమ్మతు రోజు

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే విలేకరి మొదలుపెట్టిన మరమ్మతు కేఫ్ పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల్లో రెండు వేలకి పైగా చోట్ల నడుస్తోంది. అందులో కిటుకు ఒక్కటే: వస్తువు ఇచ్చేసి వెళ్ళిపోకూడదు, తెచ్చినవాళ్ళు పక్కనే కూర్చుని తామూ ఒక చెయ్యి వేయాలి. రెండు మూడుసార్లు అలా కూర్చుంటే భయం పోతుంది, తర్వాత వాళ్ళే ఇంకొకరికి చేసి పెడతారు.

ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్ళు ఒకరిద్దరు, కుట్టు తెలిసినవాళ్ళు ఒకరు, సైకిల్ విప్పి బిగించగలిగేవాళ్ళు ఒకరు దొరికితే మొదలుపెట్టేయండి. మూడు గంటలు, మనిషికి ఒక వస్తువు, వెలుతురు బాగా పడే బల్ల. ఒక మల్టీమీటర్ (వైరులో కరెంటు పారుతుందో లేదో కొలిచే పరికరం), స్క్రూడ్రైవర్ల సెట్టు, పట్టకారు, సోల్డరింగ్ ఐరన్, గట్టి జిగురు, సూది దారం, కాస్త నూనె ఉంటే చాలా పనులు జరుగుతాయి. తలుపు దగ్గర ఒకరు కూర్చుని వస్తువేంటి, ఎప్పటినుంచి పాడైంది, చివరికి బాగైందా లేదా అని రాసుకోవాలి. ఇది ఉచిత సాయం, గ్యారంటీ లేదు అని కూడా ఆ కాగితం మీదే రాసి సంతకం తీసుకోండి.

వస్తువు విప్పే ముందు తేలికవి చూడండి. ప్లగ్గు లోపల వైరు ఊడిందా, వైరు మధ్యలో ఎక్కడైనా తెగిందా, ఫ్యూజు పోయిందా, స్విచ్ పనిచేస్తుందా అన్నవి మల్టీమీటర్‌తో రెండు నిమిషాల్లో తేలిపోతాయి, ఆశ్చర్యం ఏంటంటే పారేయబోయిన పరికరాల్లో ఎన్నింటికో రోగం అక్కడే ఉంటుంది. కొన్ని రకాల మోటార్లలో కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) అరిగిపోయి ఉండొచ్చు, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిస్తే చాలాసార్లు కెపాసిటర్ (కరెంటుని కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగం) మారిస్తే సరిపోతుంది. జిప్పు పడకపోతే మొత్తం జిప్పు మార్చక్కర్లేదు, పైన జారే ముక్క ఒక్కటే అరిగి ఉంటుంది. విప్పేటప్పుడు అడుగడుగునా ఫోటో తీసుకోండి, స్క్రూలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే ఒక కాగితానికి అంటించండి.

కొన్నిటి జోలికి అసలు పోకండి. మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. పాత డబ్బా టీవీలూ అంతే. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చినా వంచినా మంటలు రావచ్చు. గ్యాస్‌తో నడిచేవి కూడా వద్దు. ఇవి తెలిసిన మెకానిక్ దగ్గరికే పంపండి. నిజానికి మీ మరమ్మతు రోజు ఆ మెకానిక్ పొట్ట కొట్టకూడదు. బల్ల మీద బాగవ్వని ప్రతి వస్తువుతోనూ దగ్గర్లోని రిపేర్ షాపు పేరు రాసి ఇవ్వండి.

ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది, దానిలో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది నాలుగో వంతు కూడా లేదు. రీసైక్లింగ్ ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. ప్లాస్టిక్ సంగతైతే మరీ ఘోరం, 2015 దాకా ప్రపంచం పారేసిన మొత్తం ప్లాస్టిక్‌లో సుమారు 9 శాతమే రీసైకిల్ అయిందని 2017లో లెక్కతేలింది. అందుకే బాగుచేయడానికి ఇంత చోటు ఇచ్చాను.

5. ఏది ఉంచాలి, ఏది మార్చాలి

పాతదల్లా మంచిదని కాదు. తయారీలోనే ఎక్కువ కాలుష్యం అయిపోయే వాటిని, అంటే ఫోన్, ల్యాప్‌టాప్, బట్టలు, ఫర్నిచర్ వంటివాటిని వీలైనంత కాలం వాడండి. వాడకంలో ఎక్కువ కరెంటు తాగే వాటిని లెక్క చూసి మార్చండి. పాత ఫిలమెంట్ బల్బు ఇంకా వెలుగుతోందని ఉంచుకోవడంలో పొదుపు లేదు, ఎల్ఈడీ దానిలో నాలుగో వంతు కరెంటు కూడా తీసుకోదు. చాలా పాత ఫ్రిజ్ ఉంటే కరెంటు మీటర్ పెట్టి ఒక వారం కొలవండి, అలాంటి మీటర్ ఒకటి అరువు అల్మారాలో ఉంటే అందరూ వాడుకుంటారు. పాత ఫ్రిజ్, ఏసీ పారేసేటప్పుడు లోపలి గ్యాస్ సరిగ్గా తీయించండి. ఆ వాయువుల్లో కొన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే వేల రెట్లు వేడిని పట్టి ఉంచుతాయి.

6. తడి చెత్త గేటు దాటనివ్వకండి

ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, దానిలో దాదాపు 60 శాతం ఇళ్ళలోనే. ముందు వృథా తగ్గించాలి, ఊరెళ్తున్నప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నవి పక్కింటికి ఇచ్చి వెళ్ళడం దగ్గరి నుంచి. ఆ తర్వాత మిగిలిన తొక్కలూ కాడలూ డంపింగ్ యార్డుకి పోతే గాలి ఆడక కుళ్ళి మీథేన్ అవుతాయి, ఇరవై ఏళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్‌కి ఎనభై రెట్లు వేడి పెంచుతుంది. అదే చెత్త గాలి ఆడేలా ఎరువు చేస్తే మీథేన్ చాలా తక్కువ.

ఉమ్మడిగా చేస్తే ఇంకా బాగా జరుగుతుంది, ఎందుకంటే కుప్ప అటూ ఇటూ ఒక మీటరు ఉంటేనే లోపల బాగా వేడెక్కుతుంది, ఒక్క ఇంటి చెత్తతో అంత కుప్ప పడదు. ఒక వంతు తడి చెత్తకి రెండు మూడు వంతులు ఎండాకులో, ముక్కలు చేసిన అట్టలో వేయండి. ప్రతిసారీ పైన పొడి పొరతో కప్పితే ఈగలు రావు. తేమ పిండేసిన గుడ్డలా ఉండాలి. వాసన వస్తే తడి ఎక్కువైందని, పొడి కలిపి తిరగేయండి. ఏమీ జరగకపోతే ఎండిపోయిందని, నీళ్ళు చల్లండి. మాంసం, నూనె పదార్థాలు వేయకండి. వారానికోసారి తిరగేసే వంతు ఒక కాగితం మీద రాసి అక్కడే అతికించండి, లేకపోతే ఆ పని ఎప్పుడూ ఒకరి మీదే పడుతుంది.

7. మిగిలిన డబ్బు ఎటు పోతోందో చూసుకోండి

ఇది చాలామంది చెప్పరు. 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త ఒక సంగతి గమనించారు: ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టాక బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. మన ఇళ్ళలోనూ అదే ప్రమాదం. కొనడం తగ్గించి మిగిల్చిన డబ్బంతా పెట్టి విమానంలో దూర ప్రయాణం చేస్తే ఏడాది శ్రమ ఒక్క టికెట్‌తో పోతుంది. అందుకని మిగిలే దానిలో కొంత ఎక్కడ పెట్టాలో కలిసే అనుకోండి: పైకప్పు మీద ఉమ్మడి సోలార్, కిటికీలకి నీడ, సైకిళ్ళు నిలిపే చోటు, చెట్లు. లేదా తక్కువ పని గంటలు, పిల్లలతో ఎక్కువ సమయం. అదీ మంచి ఖర్చే.

8. గుంపుగా వెళ్ళి అడగండి

మీ వీధి అంతా మరమ్మతులు నేర్చుకున్నా బొగ్గు విద్యుత్ కేంద్రం దానంతట అది ఆగదు, అతికించేసిన ఫోన్ బ్యాటరీ ఊడిరాదు. వాటికి చట్టాలు కావాలి, చట్టాలకి అడిగే జనం కావాలి. ఆరు నెలలు కలిసి పనిచేసిన ఇరవై మంది వెళ్ళి స్థానిక అధికారుల ముందు నిలబడితే వాళ్ళ చేతిలో కాగితాలుంటాయి: ఎన్ని వస్తువులు తెచ్చారు, ఎన్ని బాగయ్యాయి, బాగవ్వనివి విడిభాగం దొరక్కనా, అసలు విప్పడానికే వీల్లేకనా. మరమ్మతు రోజున తలుపు దగ్గర అవన్నీ రాసుకోమన్నది ఇందుకే.

ఇలా అడగ్గా వచ్చినవి ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీల వంటి వాటి మీద బాగుచేయడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి చూపించాలన్న నియమం వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం ప్రకారం కొన్ని రకాల వస్తువుల్ని గ్యారంటీ తీరాక కూడా తయారీదారులు సరసమైన ధరకి బాగుచేయాలి. జపాన్‌లో కమికత్సు అనే చిన్న ఊరు 2003లో చెత్త లేకుండా బతుకుతామని ప్రకటించి, తర్వాత చెత్తని 45 రకాలుగా వేరుచేసే దాకా వెళ్ళింది.

మొదట చిన్నవి అడగండి. ఎలక్ట్రానిక్ చెత్తకి ఒక సేకరణ పెట్టె, మరమ్మతు రోజుకి నెలకోసారి ఒక ప్రభుత్వ హాలు, పార్కులో ఎరువు కుప్పకి ఒక మూల. ఒకటి సాధిస్తే రెండోది అడగడానికి మీ వాళ్ళకే ధైర్యం వస్తుంది.

9. మధ్యలో నీరసం వస్తే

వస్తుంది. నాలుగైదు నెలల తర్వాత సమావేశాలకి రావడం తగ్గుతుంది, నోటు పుస్తకం ఖాళీగా ఉంటుంది, ఒకరి మీదే పనంతా పడుతుంది, ఆ ఒక్కరూ విసిగిపోతారు. అప్పుడు అన్నీ నడపాలని చూడకండి. ఏది ఎక్కువ వాడుతున్నారో అది ఉంచి మిగిలినవి ఆపేయండి, సాధారణంగా అరువు అల్మారా నిలుస్తుంది. బాధ్యతలు మూడు నెలలకోసారి చేతులు మారాలని మొదటి రోజే రాసుకోండి. ఎవరింట్లోనైనా కొత్త వస్తువు కనిపిస్తే ఎత్తిపొడవకండి, అలా ఒక్కసారి జరిగితే వాళ్ళు మళ్ళీ రారు, వాళ్ళతో పాటు వాళ్ళ నిచ్చెనా రాదు.

ఇల్లు మారి వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర ఏయే అరువు వస్తువులు ఉన్నాయో నోటు పుస్తకంలో వారం ముందే చూసుకుని వెనక్కి తీసుకోండి, నోటు పుస్తకం ఒక కాపీ, నియమాల కాగితం ఒక కాపీ వాళ్ళ చేతికి ఇవ్వండి. కొత్తచోట మొదలుపెట్టాలంటే వాళ్ళకి అవి కావాలి.